అన్నమయ్య ఎక్కిన కొండదారి

తిరుపతి ఊరు దాటి ఉత్తరంగా పోతే, శేషాద్రి పాదాల దగ్గర అలిపిరి. ఊరు అనుకుందామంటే పట్టుమని పది వీధులు లేవు. అయినా ఆ పేరు వినని తెలుగు ఇల్లు లేదు. అరవంలో 'అడి' అంటే పాదం, 'పుళి' అంటే చింత. కొండ అడుగున చింతచెట్టు వుండబట్టి 'అడిప్పుళి' అన్నారనీ, జనం నోళ్ళలో నలిగి నలిగి అదే అలిపిరి అయిందనీ పెద్దలంటారు. తిరుమల నంబి ఇక్కడనే ఒక యేడాదిపాటు రామానుజులవారికి రామాయణ రహస్యాలు బోధించాడని వైష్ణవులు చెప్పుకుంటారు.

1944లో ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు పోవాలంటే కాళ్ళే దిక్కు, లేకుంటే డోలీ. రోడ్డు వచ్చినా మెట్లదారి పాడుపడలేదు. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మ్రొక్కుబడి వున్న ఆడవాళ్ళు ఒక్కొక్క మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతారు. నడుములు వంగిపోతాయి గాని ముఖాన విసుగు కనిపించదు.

మొదట వచ్చేది పాదాల మంటపం. స్వామి రాత్రివేళ కొండ దిగి తిరుచానూరులో అలమేలుమంగ దగ్గరకు వెళ్ళివస్తాడట. అందుకే ఆయన పాదరక్షలకు ఇక్కడ అంత గౌరవం. యాత్రికులు ఆ పాదుకలను తలమీద పెట్టుకొని ప్రదక్షిణం చేస్తారు. కొంచెం ముందుకు పోతే తలయేరు గుండు. మోకాళ్ళ నొప్పులు, తలనొప్పులు రాకుండా వుండాలని తరతరాల జనం తలలూ మోకాళ్ళూ ఆనించగా ఆ బండమీద గుంటలు పడినాయి. సుమారు రెండువేల మెట్లు ఎక్కితే గాలిగోపురం. ఇంకా పైన, కొండ నిటారుగా లేచిన చోట, మోకాళ్ళ పర్వతం.

ఈ దారిన నడిచిన జనం కోటానుకోట్లు. వారిలో పేరూ, ఊరూ, వయస్సూ మనకు తెలిసిన పిల్లవాడు ఒకడున్నాడు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య. మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్ర వల్ల ఆ కథ మనకు దక్కింది.

ఎనిమిదేళ్ళవాణ్ణి ఇంట్లోవాళ్ళు పశువులకు గడ్డి కోసుకురమ్మని పంపారు. కొడవలి జారి వ్రేలు తెగింది. నెత్తురు చూచి పిల్లవాడు కుమిలిపోయాడు. అంతలో దారిన గోవింద నామాలు పాడుకుంటూ యాత్రికుల గుంపు పోతున్నది. కొడవలి అక్కడ పారవేసి వాళ్ళ వెంట నడిచాడు. తిరుపతిలో గంగమ్మకు మ్రొక్కి, అలిపిరి దగ్గర కొండ ఎక్కనారంభించాడు.

మోకాళ్ళ పర్వతం చేరేసరికి ఎండ, ఆకలి. కళ్ళు తిరిగి, ఒక వెదురు పొద నీడను అలాగే పడి నిద్రపోయాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. అప్పుడు అలమేలుమంగ పెద్దముత్తయిదువ రూపాన వచ్చి లేపిందట. "ఇది సాలగ్రామాల కొండ, చెప్పులు విప్పు నాయనా" అన్నట్లు మెత్తగా చెప్పి, తన దగ్గరవున్న ప్రసాదం కలిపి పెట్టింది. కసరలేదు, కొట్టలేదు. కడుపు నిండిన పిల్లవాడు అక్కడికక్కడే ఆ తల్లిమీద శతకం చెప్పాడని చిన్నన్న అంటాడు. ఆకలిగొన్న బిడ్డకు తల్లి అన్నం పెట్టిన ఈ చోటే అన్నమయ్య కవిత్వానికి తల్లివేరు అని నాకు తోస్తుంది.

పదహారవ యేట, 1424లో, సంకీర్తనలు మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా ఆయన పాడుతూనే వున్నాడు. సంస్కృతంలో సంకీర్తన లక్షణం చెప్పగలిగిన పండితుడు, పాటకు మాత్రం వాకిళ్ళకూ వంటిళ్ళకూ వెళ్ళాడు. జోల, లాలి, ఉయ్యాల, రోళ్ళ దగ్గర పాడే సువ్వి, సంక్రాంతి గొబ్బి, కోలాటం — అన్నీ ఎత్తుకున్నాడు. వేదాలు పొగిడిన దేవుణ్ణి ఉట్టిమీది వెన్నకు పేచీపెట్టే పిల్లవాణ్ణి చేశాడు. జాబిల్లిని పిలిచి వెన్నపాలు తెమ్మనే పాట కూడా ఆయనదే. ఆ బిడ్డ సాక్షాత్తు వేంకటేశుడు. తల్లుల పాటను ఆయన తీసుకున్నాడా, ఆయన పాటనే తల్లులు తీసుకున్నారా అని అడిగితే, ఇచ్చిపుచ్చుకున్నారనటమే న్యాయం.

ఆయన చెప్పినవి 32,000 సంకీర్తనలంటారు. వంశంవారు వాటిని రాగిరేకులమీద చెక్కించి గుడిలోనే ఒక అరలో భద్రపరచారు. తరువాత లోకం మరిచిపోయింది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ దొర, ఆ రేకులలో ప్రాచీన వ్యాకరణమేదో వున్నదని విని తీయించి చూచి, దేవుడిమీద పాటలే అని పెదవి విరిచాడు. మళ్ళీ నూరేళ్ళు గడిచాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాటిని వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చిన్నన్న గ్రంథాన్ని 1949లో ప్రకటించారు. పాటలలో దొరికినవి పన్నెండువేలకు పైగా; సగానికంటె ఎక్కువ పోయినట్లే.

దొరికినవాటికీ ఒక లోటున్నది. రేకుమీద రాగం పేరు వుంది గాని స్వరం లేదు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు మళ్ళీ వరుసలు కట్టవలసివచ్చింది. రాగి నిలిచినా రాగం నిలవలేదన్నమాట. అదే ఉయ్యాల దగ్గరి జోలపాట, వెన్నెట్లో గోరుముద్దల పాట చూడండి. వాటిని ఏ అరలోనూ దాచలేదు. అమ్మమ్మ నోట విని అమ్మ, అమ్మ నోట విని బిడ్డ పాడుతూ వచ్చారు. వరుసతో సహా బ్రతికినవి.

ఈనాడు పాట మన జేబులోనే మోగుతున్నది. పెట్టెలో పాట వున్నదికదా అని ఇంట్లో నోరు మూసుకుంటే, అదీ కొత్తరకం రాగిరేకే.

పిల్లలతో కొండకు వెళ్ళేవారు తెల్లవారుజామునే అలిపిరిలో బయలుదేరండి. ఎండ ముదిరేలోగా పైకి చేరవచ్చు. మోకాళ్ళ పర్వతం దగ్గర పిల్లలు "ఇంక నడవలేం" అంటారు. విసుక్కోకండి. నీడన కూర్చోబెట్టి, తెచ్చుకున్నదేదో తినిపించి, అక్కడ పడుకున్న ఎనిమిదేళ్ళవాని కథ చెప్పండి. ఆ తరువాత ఒక పాట, గొంతు బాగున్నా బాగులేకున్నా, మీరే పాడండి. పిల్లలు అందుకుంటారు.