పై రాయి

డోన్ రైల్వేస్టేషనుకు పోయే దారిలో మా నాయనగారికి చిన్న చిల్లర దుకాణం ఉండేది. ఏటా ఒకనాడు ఆయన త్రాసును, తూకపు రాళ్ళను సంచిలో వేసుకొని వెళ్ళి తూనికల అధికారిచేత ముద్ర వేయించుకొని వచ్చేవారు. "మన రాయి సరియైనదని అధికారి చెబుతాడు, ఆయన రాయి సరియైనదని ఎవరు చెబుతారు?" అని బాల్యంలో ఒకసారి అడిగాను. "దానికీ పై రాయి ఒకటుంటుంది లేరా" అని నవ్వారు. ఆ మాటలోని లోతు చాలా ఏళ్ళకుగాని నాకు తెలియలేదు.

మా చెల్లెలికి తొలి గర్భం నిలువలేదు. రెండవసారి స్కానింగుకు నేనే తోడు వెళ్ళాను. "అన్నా, ఈ శబ్దం బిడ్డకు తగలదు కదా?" అని అడిగింది. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కనుక "ఏమీ కాదమ్మా" అన్నాను. కాని అది ఎవరు కొలిచి చెప్పిన మాట? ఆ రాత్రి నిద్రపట్టక పుస్తకాలు తిరగవేశాను.

మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. స్కానింగు ధ్వనికి లక్షల కొలది కంపనాలు. దాని మొత్తం శక్తిని త్రాసుతోనే తూచవచ్చును. నీటిలో ధ్వనిని పూర్తిగా పీల్చుకొనే ఫలకాన్ని ఒక వాటు శక్తి సుమారు 68 మిల్లీగ్రాముల బరువుతో ఒత్తుతుంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అనుసరించే పద్ధతి ఇదే. అయితే మొత్తం తెలిస్తే చాలదు. ఏ బిందువు వద్ద ఎంత పీడనమో తెలియాలి. అందుకు నీటిలో ఉంచే చెవి హైడ్రోఫోన్. దానిలోని పి.వి.డి.ఎఫ్. అనే పలుచని ప్లాస్టిక్ పొరపై పీడనం పడితే స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ పదార్థానికి గల ఈ గుణాన్ని 1969లో జపాను శాస్త్రజ్ఞుడు కవాయ్ వెల్లడించాడు. ఎంత పీడనానికి ఎన్ని వోల్టులో నిర్ణయించడమే క్రమాంకనం. అందులో నూటికి పది పాళ్ళు తప్పితే పీడనపు లెక్కలోనూ అంత తప్పు దొర్లుతుంది.

ఈ చెవికి పై రాయి కాంతి! ఇంగ్లండులోని టెడ్డింగ్టన్ ప్రయోగశాలలో నీటి నడుమ ఒక పలుచని పొరను నిలిపి, ధ్వనితో అది కదిలే కదలికను లేసరు కాంతితో కొలుస్తారు. ఆ కదలిక మిల్లీమీటరులో పదిలక్షలవ వంతుల లెక్కలో ఉంటుంది. దాని నుండి పీడనాన్ని గణించి, అదే చోట హైడ్రోఫోన్‌ను ఉంచి చూస్తారు. అట్లా ముద్రపడిన దానితో పోల్చి తక్కినవాటిని సరిచూస్తారు.

ధ్వనిని కాంతితో పరీక్షించడం మనవారికి కొత్త కాదు. అతిధ్వని తరంగాలు కాంతిని ఎట్లా చెదరగొడతాయో 1935-36లలో రామన్, నాగేంద్రనాథ్ వివరించారు. రామన్ శిష్యులైన భగవంతంగారు వాల్తేరులో ఆ పరిశోధనను కొనసాగించారు.

మరుసటి స్కానింగునాడు తెర మూలనున్న 'ఎం.ఐ.' అంకెను చెల్లెలికి చూపాను. ధ్వనిపీడనం వల్ల కణజాలానికి కలుగగల ఒత్తిడికి అది సూచిక, 1.9 మించరాదని అమెరికా నియమం. ఆమె తెర వైపు చూసి, "ఆ అంకె నిజమని ఎవరు చెప్పారన్నా?" అన్నది.

"దానికీ పై రాయి ఒకటుందమ్మా" అన్నాను. ఈసారి తెలిసి చెప్పాను.