ఫిల్టరుకు చెమట

మా ఊళ్లో డిసెంబరు పొద్దున బోరింగు కొడితే నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. భూమి లోపలి నీళ్ల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు అది దగ్గరగా ఉంటుంది. పాలకుర్తి వైపు 27, 28 డిగ్రీలనుకోవచ్చు. (వరంగల్ జిల్లా అనే ఇంకా నా నోటికొస్తుంది, 2016 అక్టోబరు నుంచి మాది జనగామ జిల్లా అయినా. తెలుగు పంతుళ్లకు సోమనాథుడి ఊరనీ, మిగతావాళ్లకు చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ ఊరనీ చెబితే జిల్లా పేరుతో పనే ఉండదు.)

ఇప్పుడు మేముండేది మిషిగన్‌లో. డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లకు నల్లా నీళ్లు హ్యూరాన్ సరస్సు నుంచీ, డెట్రాయిట్ నది నుంచీ వస్తాయి. మే నెలాఖరుకు గాలిలో వేడి, ఉక్క మొదలవుతాయి గానీ సరస్సు ఇంకా చలికాలం లోంచి తేరుకోదు. నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. పది డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి ఆ నీళ్లు.

బేస్‌మెంట్‌లో మావాడి గోల్డ్‌ఫిష్ తొట్టి ఉంది. దాని కింది చెక్క అరలో డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టరు. తొట్టి నీళ్లు గొట్టంలో దిగి, స్పాంజీల గుండా పోయి, పైనున్న మోటారు తోస్తే మళ్లీ తొట్టిలోకి ఎక్కుతాయి. వాడు సగం నీళ్లు తోడేసి, నల్లాకు పైపు తగిలించి నేరుగా నింపిన ఓ శనివారం, మాతో ఉండడానికొచ్చిన అమ్మ ఆ అర తలుపు తీసింది.

"ఏందిర కొడుకా, ఈ డబ్బకు చెమట్లు పోస్తున్నయి? ఓటిదా ఏంది?"

"ఓటిది కాదమ్మా. గాలిల తడే."

"గాలిల తడైతే నీ గోడకెందుకు పట్టలే మరి?"

సరైన ప్రశ్న. గది 24 డిగ్రీలు, తేమ 65 శాతం ఉందనుకోండి. ఆ గాలి 17 డిగ్రీల కంటే చల్లని దేన్ని తాకినా తనలోని ఆవిరిని నీటి బొట్లుగా వదిలేస్తుంది. 21 డిగ్రీల తొట్టిలో సగం తీసి పది డిగ్రీల నీళ్లు పోస్తే మిగిలేది పదిహేనున్నర. అవే నీళ్లు ఫిల్టరులో తిరుగుతాయి గనుక డబ్బా కూడా అంతే చల్లబడుతుంది, గోడ మాత్రం 17కు దిగదు.

ఓటి అయితే ఎలా తెలుస్తుందని అడిగింది. కారే నీళ్లు ఒకచోట మొదలై కిందికి గీత గీస్తాయి. మూతకూ డబ్బాకూ మధ్యనున్న రబ్బరు రింగు దగ్గర చాలాసార్లు అదే కథ. చెమట అయితే డబ్బా ఒంటినిండా, గొట్టాల నిండా సమంగా పడుతుంది, వెచ్చగా ఉండే మోటారు దగ్గర తక్కువ పడుతుంది. అయినా అనుమానం పోకపోతే డబ్బాను శుభ్రంగా తుడిచి, రింగు చుట్టూ టిష్యూ కాగితం, దాని మీద గాలి చొరకుండా ప్లాస్టిక్ కవరు బిగించాలి. తడి కవరు పైన చేరితే గాలిది, లోపలి కాగితం నానితే ఫిల్టరుది. అమ్మ ముందే చేసి చూపించాను. కాగితం పొడిగా ఉంది.

"గట్లయితే మన రంజన్ లెక్కనే గద," అంది అమ్మ. అక్కడే ఒప్పుకోలేకపోయాను. రంజన్ మీది తడి దాని లోపలి నీళ్లే. మట్టి రంధ్రాల్లోంచి ఊరి, ఆవిరై, ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. ఎంత చల్లబరిచినా, గాలిలోని ఆవిరి నీరుగా మారేంత చల్లదనానికి అది ఎన్నడూ చేరలేదు. గాలి పూర్తిగా తడిసిపోయి ఉంటే తప్ప కుండ దిగగలిగే వేడీ, ఆవిరి నీరయ్యే వేడీ కలవవు. అలా చూస్తే మా ఊళ్లో గాలి తడి గిన్నెలకు పట్టే సందర్భమే తక్కువ. నడి ఎండాకాలంలో గాలి పొడి, వానాకాలంలో బావి నీళ్లు వెచ్చన. ఫ్రిజ్‌లొచ్చాకే మా ఇళ్లల్లో గ్లాసులకు చెమట పట్టడం మొదలైంది.

తడి కనబడగానే కిటికీలు బార్లా తెరవమంది అమ్మ. మనకు పుట్టుకతో వచ్చిన వైద్యం అది. మిషిగన్ జూన్‌లో మాత్రం తెరిచిన కిటికీ చల్లని బేస్‌మెంట్‌లోకి బయటి ఉక్కను పిలిచి కూర్చోబెడుతుంది. కిటికీ మూసి డీహ్యూమిడిఫైయర్ పెట్టడమే మేలు. తమాషా ఏమిటంటే అదీ చేసేది ఇదే పని. లోపలి చల్లని గొట్టాలకు కావాలని చెమట పట్టించి బకెట్టులో పడుతుంది. తేమ 50 శాతానికి దించితే ఆ 24 డిగ్రీల గాలి 13 దాకా దిగితే గానీ నీరు వదలదు, మన పదిహేనున్నర డిగ్రీల డబ్బా పొడిగానే ఉంటుంది. ఇంకా సులువైంది, నింపే నీళ్లలో వేడినీళ్లు కలిపి తొట్టి వేడికి సరిచేయడం. గోల్డ్‌ఫిష్‌లు చల్లని నీళ్లకు ఓర్చుకుంటాయి గానీ ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు పడిపోవడానికి ఓర్చుకోవు. ఫిల్టరు కంటే ముందు చేపల కోసమే ఆ పని చేయాలి.

నాకు అసలు బెంగ కరెంటు వైరు. బొట్లు దాని వెంట జారి సాకెట్టులోకి పోకుండా, వైరు సాకెట్టు కంటే కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లాలి. బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. అర వెనక చెక్క ఉబ్బితే మార్చుకోవచ్చు, ఈ వంపు మాత్రం మొదటిరోజే పెట్టుకోవాలి.

ఇదంతా అమ్మ ఫోన్లో చెబుతుంటే విన్న అన్న కొడుకు పాలకుర్తిలో తనూ తొట్టి పెడతానంటున్నాడు. ఏ ఫిల్టరు కొనాలి బాబాయ్ అని అడిగాడు. వాడికి ఫిల్టరు కాదు సమస్య, మే నెల. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చిల్లర్ మాట ఎత్తకు, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు అన్నాను. పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరైనంత నీళ్లు రోజూ పోసుకోవాలి. వానలు పడ్డాక ఆ ఫ్యాన్ పెద్దగా పనిచేయదు, అప్పుడు దాని అవసరమూ అంతగా ఉండదు. చిల్లరే కావాలని పట్టుబడితే దాని గొట్టాలకు ఏసీ పైపుల మీద తొడిగే నల్ల స్పాంజి తొడుగు కూడా కొనుక్కోమన్నాను. శ్రావణంలో కావలసి వస్తుంది.