మకరరాశికి డెవిల్ కార్డట!



ఏలినాటి శని భయంతో ఎక్కడెక్కడి నుంచో జనం మన పావగడ శనిమహాత్ముని గుడికి వస్తారు. ఆ గుడి దగ్గరే పెరిగిన మాకు మొన్న ఒక కార్డు భయం పట్టింది.

మా పాప బెంగళూరులో ఉంటుంది. ఫోనులో టారో చెప్పించుకుంటే, "మీది మకరం, మీ కార్డు డెవిల్, ఇప్పుడు ఉద్యోగం మారొద్దు" అన్నారంట. వచ్చిన మంచి ఉద్యోగం వదిలేస్తానని ఏడ్చింది. మాకూ నిద్ర లేదు.

తర్వాత అందరం కూర్చుని చదివినాము. టారోలో 78 కార్డులు. 15వ శతాబ్దంలో ఇటలీలో ఆడుకోవడానికి పుట్టినవి. వాటికి రాశులు జోడించి ఇప్పుడు ఎక్కువగా చెప్పే పద్ధతి, 1888లో ఇంగ్లండులో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘానిది. మకరానికి డెవిల్, కుంభానికి స్టార్. ఆ రెండు రాశులకూ అధిపతి మన శనిదేవుడే.

అయితే వాళ్లు చూసేది సూర్యరాశి. మనది చంద్రుడి లెక్క. పాపది శ్రవణా నక్షత్రం కాబట్టి మనకు మకరం. పుట్టింది ఆగస్టు మొదటి వారంలో కాబట్టి వాళ్లకు సింహం. దాని కార్డు స్ట్రెంత్: సింహం నోటిని మెల్లగా పట్టుకున్న ఆడమనిషి బొమ్మ.

డెవిల్ బొమ్మనూ చూసినాము. 1909 నాటి కార్డులో ఇద్దరి మెడల్లో గొలుసులు ఉన్నాయి, కానీ వదులుగా ఉన్నాయి. తీసేసుకోవచ్చు.

పాప ఉద్యోగంలో చేరింది. మేము శనివారం గుడిలో నువ్వులనూనె దీపం పెట్టినాము, భయంతో కాదు.

పిల్లలు ఇట్లా భయపడితే తిట్టకండి. పక్కన కూర్చోండి.