నీడకు కూడా అర్జీ కావాలి

రాజురా నుంచి ఆసిఫాబాద్ వెళ్ళే దారిలో ఉంది మా లక్కడ్‌కోట్. పేరులోనే కర్ర ఉంది. ఇక్కడ నీడ కోసం ఎవరూ అర్జీ పెట్టుకోరు. ఇంటి ముందు వేపచెట్టుంటే అదే రచ్చబండ, అదే ఆటస్థలం. 1956 దాకా రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాలను భాషల వారీగా పంచినప్పుడు మరాఠీ వైపు వచ్చింది. తెలుగు మాత్రం మా ఇళ్ళల్లోనే ఉండిపోయింది.

పార్కు అవసరమేమిటో తెలిసేది పొట్ట చేతబట్టుకుని బల్లార్షాకో, ఘుగూస్‌కో, చంద్రపూర్‌కో పోయినప్పుడు. బొగ్గు గనుల చుట్టూ, కాగితం మిల్లు చుట్టూ పెరిగిన బస్తీల్లో మనవాళ్ళు ఎందరో. ఒక్క గది, గడప దిగితే మోరీ, మోరీ దాటితే లారీల రోడ్డు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, చంద్రపూర్ 83.88తో దేశంలో నాలుగోదిగా నిలిచింది. బడి పరీక్షల్లో అయితే మిఠాయి పంచేవాళ్ళం! గాలి అందరిదీ ఒకటే. చెట్లు మాత్రం ఆఫీసర్ల కాలనీల్లోనే ఎక్కువ.

జాగా లేదంటారు. చంద్రపూర్‌లో గోండు రాజులు కట్టిన కోటగోడ సుమారు 11 కిలోమీటర్లు. ఏళ్ళ తరబడి చెత్తా, ముళ్ళకంపా కప్పేసిన ఆ గోడను 2017 నుంచి ఎకో ప్రో సంస్థ కార్యకర్తలు శ్రమదానంతో శుభ్రం చేశారు. జాగా ఉంది, చెత్త కింద ఉంది. అంతే.

దక్కిన జాగాను కాపాడుకోవడం ఇంకో ఎత్తు. బెంగుళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే, అక్కడివాళ్ళు కోర్టుకెక్కారు. అలా మార్చడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ కాలనీకి ఒక ప్లాను ఉంది, అందులో పార్కు గీసి ఉంది. మన బస్తీల సంగతేమిటి? పటంలో బస్తీయే లేకపోతే పార్కు ఎక్కడ గీస్తారు? అందుకే మొదటి అర్జీ పటంలో చోటు కోసం పెట్టాలి.

ఫౌంటెన్లు, సిమెంటు జింకలు మనకొద్దు. పది చెట్లు, నాలుగు బెంచీలు, తాగే నీళ్ళు, వెలిగే దీపం చాలు. దీపం లేకపోతే ఆడవాళ్ళు రారు. టికెట్టు పెడితే కూలివాళ్ళు రారు. పెందలాడే తాళం వేస్తే షిఫ్టు దిగినవాడికి గేటే దిక్కు. చూసుకునే మనిషి కూడా ఆ బస్తీవాడే కావాలి. తన పిల్లలు ఆడుకునే చోట చెట్టు ఎండిపోతుంటే ఎవరూ ఊరుకోరు.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. నలుగురు పోగయ్యే చోటు లేక ఇంటి తెలుగు ఇంట్లోనే ముసలిదవుతోంది. బెంచీ మీద కూర్చుని ఓ అవ్వ కథ మొదలుపెడితే మన పిల్లలే కాదు, మరాఠీ పిల్లా, గోండు పిల్లాడూ చెవి ఒగ్గుతారు. తెలుగు బడి కావాలని అడుగుతూనే ఉన్నాం. ఆ కాగితంలోనే బడి పక్కన కాస్త నీడ కూడా కావాలని ఒక్క వాక్యం చేర్చుదాం.