ఆడపిల్లకు ఇంటికట్టడపు విద్య

మా పెద్దమ్మాయి ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. పిదప ఆర్కిటెక్చరు తప్ప వేఱొకటి చదువనని పట్టుపట్టినది. మావారు బడిపంతులు, ఆడపిల్లకు ఉపాధ్యాయవృత్తియే మేలని వారి తలంపు. మా అత్తగారు “మేస్త్రీ వగుదువటే?” యని నవ్విరి. బొంబాయి జె.జె. కళాశాలలో 1936లోనే ఈ విద్య ముగించిన పార్సీ యువతి యొకతె కలదనియు, ఆమె యింటిపేరే మిస్త్రీ యనియు నేను చెప్పగా ఆమె ఊరకుండిరి.

వాస్తువనగానే మనవారికి ఈశాన్యము పెరిగినదా, తగ్గినదా యనునదొక్కటియే పట్టింపు. మయమతము చూచినవారికి అందు నేల పరీక్ష, కొలతలు, కలప, ఇటుక మొదలగువానిని గూర్చి యెంత చెప్పబడినదో తెలియును. నేటి చదువెట్టిదో చూడవలయునని, ఒక కళాశాలలో విద్యార్థుల పనులను ప్రదర్శించుచున్నారని విని, పిల్లను వెంటబెట్టుకొని మాకవరపాలెములో బస్సెక్కితిని.

గోడలనిండ పటములు, బల్లలపై అట్టతో చేసిన బొమ్మయిండ్లు. ఒకటి రెండు మయసభను తలపించినవి. అందమునకు కొఱతలేదు. నేను మాత్రము ప్రతిదానిలోను వంటయిల్లెక్కడ యని వెదకితిని. ఒకదానియందు దానికి కిటికీయే లేదు. పొగ యెటుపోవు నాయనా యని యడిగితిని. “యంత్రము పీల్చునండీ” యనెను. కరెంటు పోయినచో నని యడుగగా బదులు లేదు. ఏండ్లతరబడి కట్టెలపొయ్యి నూదిన మా అత్తగారి కన్నులను ఆ బాలుడు చూచియుండడు.

మఱియొక బల్లకడ చాలసేపు నిలిచితిమి. ఒక బాలిక మన ఉత్తరాంధ్ర చుట్టింటిని కొలతలతో గీసినది. గుండ్రని గోడను తాకిన గాలి ప్రక్కలకు జారిపోవును. క్రిందికి దిగిన తాటాకుకప్పు మట్టిగోడను వాననుండి కాచును. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుపాను చూచిన మనకు దీని విలువ వేఱుగ చెప్పనేల? ఆ పిల్ల అదే రూపమును ఇటుకతో కల్పించి, వంటయింటికి ఎదురెదురుగ రెండు కిటికీలు పెట్టినది. మా అమ్మాయి ఆమెను ప్రశ్నలతో విడువలేదు.

ఇక కళాశాలల మాట. ఎక్కడనైనను అయిదేండ్ల చదువు. 1972 నాటి చట్టమును బట్టి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చరులో నమోదు కానివారు ఆర్కిటెక్టులమని చెప్పుకొనరాదు. కావున చేరుటకు ముందు ఆ కౌన్సిలు గుర్తింపున్నదో లేదో చూడవలయును. విశాఖలోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు ఈ శాఖ కలదు; అందులకు ‘నాటా’ పరీక్ష వ్రాయవలయును. విజయవాడలో 2008లో స్థాపింపబడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరు కేంద్రప్రభుత్వమువారిది, జె.ఇ.ఇ. మెయిన్ రెండవ పత్రము ద్వారా దేశము నలుమూలలనుండి పిల్లలు అచటికి వత్తురు. భవనములు చూచి మురియుటకంటె మొదటియేటి పిల్లల పనిని, అయిదవయేటివారి పనిని ప్రక్కప్రక్కన చూపుడని యడుగుట మంచిదని నాకు తోచుచున్నది. నడుమ నేమి నేర్పిరో అదియే చెప్పును.

విశాఖయైనచో పండుగకు పిల్ల ఇంటికి వచ్చుట సులువు. విజయవాడయైనచో పలుభాషలవారితో కలసి మెలగును. నా మనస్సు అటే మ్రొగ్గుచున్నది. మావారు జీతపు లెక్కలు ముందిడుకొని ఇంకను ఏమియు తేల్చలేదు. పిల్ల రెండు పరీక్షలకును సిద్ధమగుచున్నది.