మూడవనాటి నొప్పి

కార్తీకమాసమున ఒకనాటి ఉదయము, పత్తికొండ వైపునుండి తొలిబస్సులో కర్నూలు చేరి, బల్లపై కూర్చొనలేక గోడ నానుకొని నిలిచియున్న ఒక టమాటా రైతమ్మ, నేను పలుకరింపకమునుపే, "సార్, రోగం ఎముకల్లోకి దిగింది కదా? దాయొద్దు" అనెను. నడుమునకు తువ్వాలు బిగించి కట్టుకొనియుండెను; విప్పి చూడగా ముడి యొత్తిన గుర్తు చర్మముపై ఎఱ్ఱగా నిలిచియున్నది.

రొమ్ము క్యాన్సరుకు తొలివిడత కీమో పిమ్మట తెల్లకణములు పడిపోయి జ్వరము వచ్చినందున, రెండవ విడత ముగిసిన మరునాడు ఆమెకు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ సూది 6 మిల్లీగ్రాములు వేయించితిని. మూడవరాత్రి నడుము, తుంటి, రొమ్ముటెముక గుండెతోపాటు కొట్టుకొన్నవట. ఇంటిలో ఎవ్వరినీ లేపక తెల్లవార్లు కూర్చుండెనట.

పెద్దలలో రక్తకణములు పుట్టునది ముఖ్యముగా ఆ ఎముకల మూలుగలోనే. ఈ మందు మూలుగను తొందరపెట్టి తెల్లకణములను వేగముగా పుట్టించునపుడు ఎముకలోపలి ఒత్తిడి పెరుగుటయు, హిస్టమిన్ వంటి పదార్థములు వెలువడి నరములను రేపుటయు ఆ బాధకు కారణములని వైద్యులు తలంతురు. అది రోగము పాకుట కాదు. ఈ మాట సూదికి ముందే చెప్పవలసినవాడను నేను, "కొంచెము ఒళ్లునొప్పులుండునమ్మా" అని మాత్రమే అంటిని. ఏటేటా వేరుసెనగలో కలుపుతీసి ఒళ్లునొప్పులతోనే నిద్రించు ఆ తల్లికి ఆ మాట ఏమి తెలుపును? ఏ ఎముక, ఏ రాత్రి, ఎన్నాళ్లు అని చెప్పనందున ఆమె ఆ రాత్రంతయు మృత్యువుతో ఒంటరిగా కూర్చుండెను. ఆ తప్పు నాది.

మందులు లేకపోలేదు. 2012లో వెలువడిన యొక అమెరికా పరిశోధనలో 510 మందిని పరిశీలింపగా, మందులేని మాత్ర మ్రింగినవారిలో నూటికి 71 మందికి ఎముకనొప్పి రాగా, న్యాప్రాక్సెన్ వాడినవారిలో 61 మందికే వచ్చెను. మేలు స్వల్పమే, కాని నిద్రలేనివానికి స్వల్పమును గొప్పయే. తుమ్ములకు వాడు లోరాటడిన్ సైతము కొందఱికి ఉపకరించును. అయితే మూత్రపిండములు, ప్లేట్‌లెట్లు చూడక న్యాప్రాక్సెన్ వ్రాయరాదు. ఎఱ్ఱగుంట్ల నాపరాతి గనిలో పనిచేయు లింఫోమా రోగి యొకడు, నడివేసవిలో చెమటోడ్చుచు దుకాణపు నొప్పిమాత్రలు మ్రింగి, వాటి చాటున అణగిన జ్వరమును గమనింపక, కడపలో నేనున్నపుడు మూడుదినములు ఆలస్యముగా వచ్చెను; బ్రదికెను గాని, నెలదినములు పట్టెను. నాటినుండి మాత్రకు ముందు థర్మామీటరు అని నా పట్టు: 100.4 డిగ్రీలు దాటినచో మాత్ర కాదు, ఆసుపత్రియే. ఎడమ డొక్కలోగాని భుజముపైగాని పోటు వచ్చినచో ప్లీహమును శంకించి వెంటనే రావలెను.

మూడవ విడతకు ఆమెతో దినములు లెక్కపెట్టి చెప్పితిని. లోరాటడిన్ సూదినాటినుండియే మొదలుపెట్టించితిని. నొప్పి రాకమానలేదు. నాలుగవనాడు ఫోనుచేసి, "నడుము నొస్తాంది సార్, మీరు చెప్పిన రాత్రికే వచ్చింది. జరం ల్యాదు, తొంభై ఎనిమిదే చూపిస్తాంది. టమాటాలు మార్కెట్టుకు తోలించినా" అనెను.