బొంబాయిలో పుట్టిన పడవ

2018 జూన్‌లో పిల్లలతో కార్న్‌వాల్‌లోని ఫాల్మత్ వెళ్ళాము. 14వ తేదీన అక్కడి రేవులో పడవల ఊరేగింపు. అందరి చూపూ ఒక చిన్న తెరచాప పడవ మీదనే. పేరు సుహైలీ; పొడవు 32 అడుగులు. పక్కనున్న ముసలాయన మా వంక చూసి, "ఇది మీ దేశంలో కట్టిందే" అన్నాడు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే నిజమే!

రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఓడ ఆఫీసరు 1960లలో దీన్ని బొంబాయిలో కట్టించాడు. నమూనా అమెరికాకు చెందిన విలియం ఆట్కిన్‌ది, కలప టేకు. మన వడ్రంగులు బాడిశలతో చెక్కి, బరమాలతో తొలిచి, చేత్తోనే కట్టారు. సుహైలీ అంటే అరబ్బు నావికుల మాటలో ఆగ్నేయపు గాలి.

1968 జూన్ 14న అతను ఈ ఫాల్మత్ నుంచే ఒంటరిగా బయలుదేరాడు. ఎక్కడా రేవు పట్టకుండా భూమి చుట్టి రావాలని సండే టైమ్స్ పెట్టిన పందెం అది. తొమ్మిదిమంది దిగారు. దారిలో పలకల సందుల్లోంచి నీరు ఊరితే, సముద్రంలోకి దిగి నూలు కూరి, పైన రాగిరేకు కొట్టాడు. రేడియో మూగబోయింది. పడవను దానంతట నడిపే పరికరం విరిగింది. టేకు మాత్రం నిలిచింది. 312 రోజుల తర్వాత, 1969 ఏప్రిల్ 22న, తిరిగి వచ్చాడు. పందెం పూర్తి చేసింది అతనొక్కడే. బహుమతి 5,000 పౌన్లు పందెంలో ప్రాణం పోగొట్టుకున్న డొనాల్డ్ క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు.

తర్వాత పడవను గ్రీనిచ్ మ్యూజియంలో పెట్టారు. అక్కడి పొడిగాలికి పలకలు కుంచించుకుపోసాగాయి. పడవ పాడైపోతోందని బయటికి తెచ్చి, బాగుచేయించి, మళ్ళీ నీళ్ళలో దింపాడు. నీటి వస్తువుకు నీరే మందు.

ఇదంతా మావాడికి చెబుతూ, 1969లో రేవులోకి రాగానే కస్టమ్స్ వారు అడిగిన ప్రశ్న కూడా చెప్పాము: "ఎక్కడినుంచి వస్తున్నావు?" అతని జవాబు: "ఫాల్మత్ నుంచి."

మావాడు నవ్వలేదు. బళ్ళో వాడినీ తరచూ అదే అడుగుతారు. ఇక్కడే పుట్టానంటే, "అసలు ఎక్కడినుంచి?" అని మళ్ళీ అడుగుతారట. కాసేపు ఆలోచించి, "పడవది బొంబాయి. వచ్చింది ఫాల్మత్ నుంచి. రెండూ నిజమే కదా నాన్నా?" అన్నాడు.

నిజమేనన్నాము. వాడికి ఇన్నాళ్ళూ మేము చెప్పలేకపోయిన జవాబు అది.